వరంగల్‌లో ఉండి రగ్బీ తొలినాళ్ల చరిత్ర తవ్వుకోవడం ఎలా

మా రగ్బీ జట్టు ఒకసారి హన్మకొండలో చిన్న సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) పోటీ పెట్టుకుంది. ఫ్లెక్సీ మీద ఏం రాయాలో నన్నే చెప్పమన్నారు. "1823లో ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూల్లో విలియం వెబ్ ఎల్లిస్ అనే పిల్లవాడు కాలితో తన్నాల్సిన బంతిని చేతబట్టుకుని ఉరికాడు, రగ్బీ పుట్టింది" అని రాసిచ్చాను. పోటీ అయ్యాక ఆ ఫ్లెక్సీని తెచ్చి ఇంటి వెనక కట్టెల మీద కప్పాను. రంగులన్నీ వెలిసిపోయాయి గానీ 1823 అంకె ఇంకా కనబడుతుంది. ఆ అంకె వెనక ఏముందో చూద్దామని ఒక రాత్రి వెతకడం మొదలుపెట్టాను. ఎల్లిస్ ఉరకడం నేను కళ్లారా చూశాను అని సాక్ష్యం చెప్పిన మనిషి ఒక్కరూ లేరని తేలింది. అప్పటి నుంచి ఈ పని నన్ను వదల్లేదు.

చరిత్రలో నాకు పట్టా లేదు. పొద్దున సుబేదారి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో ఆట, పగలు ఉద్యోగం, రాత్రి ఓ గంట పాత పేపర్లు. ఇక్కడ చెప్పేదంతా అలా చేసుకుంటూ నేర్చుకున్నదే. కావలసినవి ఒక ఫోన్, వీలైతే ల్యాప్‌టాప్, ఒక లాంగ్ నోట్‌బుక్, ఇంగ్లీషు చదివే ఓపిక. ఆట ఆడినవాళ్లకు ఇందులో ఒక మేలు ఉంది. మాల్‌లో, అంటే బంతి పట్టుకున్నవాడి చుట్టూ రెండు జట్లూ తోసుకునే గుంపులో, ఇరుక్కుని ఊపిరాడక నిలబడ్డవాడు 1870ల నాటి మ్యాచ్ వార్త చదివితే, రాసినవాడు చెప్పకుండా వదిలేసింది కూడా తెలుస్తుంది.

మొదటి మెట్టు: ప్రతి మాటకూ మూడు ప్రశ్నలు

ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఆ రోజు అక్కడ ఉన్నారా? ఈ మూడూ నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాసుకోండి. మిగతా మెట్లన్నీ వీటి మీదే నిలబడతాయి.

ఎల్లిస్ కథనే ఈ మూడు ప్రశ్నల ముందు నిలబెడదాం. ఈ కథను మొదట అచ్చులో పెట్టింది మాథ్యూ బ్లాక్సమ్. ఆయన రగ్బీ స్కూల్ పూర్వ విద్యార్థి, ఊరి పాత సంగతులు సేకరించే మనిషి. స్కూల్ పత్రిక ‘ద మీటియర్’కు 1876లో ఉత్తరం రాశాడు. 1880లో మళ్లీ రాసి, సంగతిని 1823 రెండో సగంలో జరిగినట్టుగా స్థిరపరిచాడు. అంటే జరిగిందన్న దానికీ రాతలోకి రావడానికీ మధ్య 53 ఏళ్లు. ఎల్లిస్ 1872లోనే ఫ్రాన్స్‌లో కన్నుమూశాడు, కాబట్టి అవునని గానీ కాదని గానీ చెప్పడానికి ఆయన లేడు. ఇక మూడో ప్రశ్న: బ్లాక్సమ్ 1823 కంటే ముందే బడి విడిచిపెట్టాడు. ఆయన చూడలేదు, ఎవరి దగ్గరో విన్నాడు. ఎవరి దగ్గర విన్నాడో పేరు రాయలేదు.

1895లో ఆ బడి పూర్వ విద్యార్థుల సంఘం విచారణ పెట్టింది. బతికున్న పాతవాళ్లందరికీ ఉత్తరాలు రాసి, వచ్చిన జవాబులతో 1897లో నివేదిక వేసింది. మనలాంటి వాళ్లకు ఆ జవాబులు నిధి. ఆ బడి జీవితం మీద పేరుమోసిన నవల రాసిన థామస్ హ్యూస్ అందులో తన సంగతి చెప్పాడు. ఆయన బడిలో చేరింది 1834లో. అప్పటికి బంతి పట్టుకుని ఉరకడం పూర్తిగా నిషేధం కాదట, కానీ అలా ఉరికినవాడు దెబ్బలకు చచ్చిపోతే, ఆనాటి కుర్రాళ్లను జ్యూరీగా కూర్చోబెడితే ‘న్యాయమైన హత్యే’ అని తీర్పు చెప్పేవాళ్లట. బాగా ఉరికే పేరు తెచ్చుకున్న మొదటివాడు జెమ్ మాకీ అని, అది 1838-39 నాటి మాట అని, 1841-42 నాటికి ఉరకడం నియమబద్ధమైందని కూడా హ్యూస్ చెప్పాడు.

ఇప్పుడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 1823లో ఒక్కడు ఉరికితే ఆట మారిపోయిందని బ్లాక్సమ్. పదకొండేళ్ల తర్వాత కూడా ఉరకడం ప్రాణం మీదికి తెచ్చే పనేనని అక్కడే ఆడిన హ్యూస్. నా మనసు హ్యూస్ వైపే. ఆట ఒక్క మధ్యాహ్నంలో పుట్టలేదు, ఇరవై ఏళ్లు నెమ్మదిగా మారింది. అయినా 1900లో బడి గోడకు ఎల్లిస్ పేరిట శిలాఫలకం పెట్టారు, 1987లో ప్రపంచ కప్పుకు ఆయన పేరే పెట్టారు. కథకు అంత బలం ఎందుకు వచ్చిందో కూడా చరిత్రలో భాగమే. విచారణ పెట్టిన ఆ 1895లోనే, ఆగస్టు 29న, హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు కూర్చుని, ఆటను నడిపే రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ నుంచి విడిపోవాలని తీర్మానించాయి. పని మానేసి ఆడే గనుల, మిల్లుల కూలీలకు పోయిన కూలి కట్టివ్వాలన్నది వాళ్ల కోరిక. అదే తర్వాత రగ్బీ లీగ్ అయింది. ఆట చేజారుతున్న వేళ అది మా బడిలోనే పుట్టిందని చెప్పుకోవలసిన అవసరం ఆ పూర్వ విద్యార్థులకు వచ్చిందని కొందరు చరిత్రకారులు ఈ రెంటినీ కలిపి చూస్తారు. నాకు అది సబబుగానే తోస్తుంది.

మూడు ప్రశ్నల్లో ఒకటి నెగ్గి ఒకటి ఓడే సాక్ష్యాలూ ఉంటాయి. ఐర్లండ్‌లో ఎన్నిస్కిల్లెన్ ఊళ్లోని పోర్టోరా స్కూల్లో 1887 ప్రాంతంలో అన్నదమ్ముల జట్టుకు మనిషి తక్కువైతే ఎమిలీ వాలంటైన్ అనే పదేళ్ల పిల్ల కోటు విప్పి దిగి ఆడింది. ఆ సంగతి ఆమే స్వయంగా నోటు పుస్తకంలో రాసుకుంది. ఆడిన మనిషి రాసింది కాబట్టి ‘అక్కడ ఉన్నారా’ అన్న ప్రశ్నకు జవాబు దొరికింది. కానీ రాసింది పెద్దయ్యాక. ఇలాంటి సాక్ష్యాన్ని పారేయకూడదు, పేపర్ వార్తతో సమానంగానూ కూర్చోబెట్టకూడదు. పక్కన ‘తర్వాతి జ్ఞాపకం’ అని గుర్తు పెట్టండి.

రెండో మెట్టు: చిర్రగోనెతో చేయి తిప్పుకోండి

పాత పేపర్ల జోలికి పోకముందు ఒక ఆదివారం మన దగ్గరే పని చేయండి. చిర్రగోనె (గిల్లీదండా) ఆడిన నలుగురు పెద్దవాళ్లను వెతకండి. ఒకరు హసన్‌పర్తి, ఒకరు పరకాల, ఒకరు జనగామ, ఒకరు హుజూరాబాద్ నుంచి అయితే మరీ మంచిది. చిన్న కర్రను గాల్లో పట్టుకుంటే ఆటగాడు పోయినట్టేనా, దూరం కర్రతో కొలుస్తరా అడుగులతో కొలుస్తరా, ఓడినవాడు ఏం చేయాలి అని అడగండి. నేను ఇలా అడిగిన ఒక పెద్దాయన, "మా ఊళ్లె గట్ల కాదు బిడ్డా, గది మీ దిక్కు లెక్క" అన్నారు. ఆయన పక్కనే కూర్చున్న ఆయన మేనబావ మరో లెక్క చెప్పారు. ఇద్దరి ఊళ్ల మధ్య దూరం ఏడు కిలోమీటర్లు.

1840ల ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సరిగ్గా ఇలాగే ఉండేది. ఈటన్, హారో, వించెస్టర్, రగ్బీ: ప్రతి బడికీ తన మైదానం, తన లెక్క. రాసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు, ఎందుకంటే అందరూ ఒకే చోట ఆడేవాళ్లే. ఒక బడి కుర్రాడు ఇంకో బడి కుర్రాడితో ఆడాల్సి వచ్చినప్పుడే తగువు, తగువు వచ్చినప్పుడే కాగితం. ఇది పుస్తకంలో చదివితే తలకెక్కేది కాదు నాకు, ఆ మేనబావల వాదన విన్నాక ఎక్కింది. పెద్దవాళ్లను మాట్లాడించడం కూడా అలవాటవుతుంది. ‘మీరు ఆడిందా, విన్నదా?’ అని మర్యాదగా అడగడం ఒక కళ. ఒకాయన నాతో కాజీపేటలో రైల్వే దొరలు 1880కి ముందే గుడ్డు బాల్ ఆడేవారని తన తాత చెప్పేవాడన్నారు. ఆ మాటను భద్రంగా రాసుకున్నాను. కానీ సికింద్రాబాద్‌కు రైలు వచ్చిందే 1874లో, అక్కడి నుంచి పట్టాలు మన వైపు రావడం 1880ల నడుమ దాటాక. కాబట్టి ఆ తారీఖు నిలవదు. తాత చూసింది వేరే ఏళ్లలో అయుండవచ్చు. మాట ఉంచి, సంవత్సరం పక్కన ప్రశ్న గుర్తు పెట్టాను.

మూడో మెట్టు: నియమాల కాగితాన్ని సాక్ష్యంలా చదవండి

1845 ఆగస్టు 28న రగ్బీ స్కూల్ విద్యార్థులు ముగ్గురు, విలియం డెలాఫీల్డ్ ఆర్నాల్డ్, డబ్ల్యూ. డబ్ల్యూ. షిర్లీ, ఫ్రెడరిక్ హచిన్స్, కలిసి 37 నియమాలు రాసి పెట్టారు. మన ఆటకు తొలి రాతప్రతి అదే. ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది. ప్రింట్ తీసి మడిచి కిట్ బ్యాగ్‌లో పెట్టుకోండి, ప్రాక్టీస్ మధ్యలో నీళ్లు తాగేటప్పుడు ఒక్కో నియమం చదవండి.

చదివే పద్ధతి ఇది: ఏదైనా వద్దు అన్నారంటే ఎవరో ఆ పని చేస్తున్నారని. బూటు మడమకు గానీ అడుగుకు గానీ పొడుచుకొచ్చే మేకులు, ఇనుప రేకులు ఉండకూడదని అందులో ఒక నియమం ఉంది. అంటే అప్పటిదాకా రేకులు కొట్టించుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. మడమతో హ్యాకింగ్ (ఎదుటివాడి కాళ్ల మీద తన్నడం) చేయడం, మోకాలు పైన తన్నడం తప్పు అని ఇంకో నియమం. అంటే మోకాలు కింద పిక్కలను బూటు ముందు భాగంతో తన్నడం ఒప్పే! అయిదు రోజులు ఆడినా తేలకపోతే మ్యాచ్ డ్రా, ఒక్క గోల్ కూడా పడకపోతే మూడు రోజులకే డ్రా అని మరో నియమం. ఒక్క మ్యాచ్ రోజుల తరబడి సాగేదన్నమాట. మా సెవెన్స్ మ్యాచ్ పద్నాలుగు నిమిషాలు. ఆ నియమం చదివిన రోజు మా కుర్రాళ్లు చాలాసేపు మాట్లాడుకున్నారు.

అన్నిటికంటే విలువైన నియమం ఉరకడం గురించి. ఉరకవచ్చు, కానీ బంతిని నేల మీది నుంచి ఎత్తుకుని ఉరకకూడదు, టచ్ గీత (మైదానం పక్క గీత) బయటి నుంచి తీసుకుపోకూడదు. ఇవాళ మనం నేల మీద పడున్న బంతిని వంగి ఎత్తుకుని పారిపోతాం కదా, అది 1845లో తప్పు. ఎల్లిస్ కథ చెప్పేటప్పుడు ఎవరూ ఈ సంగతి ఎత్తరు. రెండో ఫ్లెక్సీ రాసే అవకాశం వచ్చినప్పుడు నేను ఇచ్చిన వాక్యం: "1845 ఆగస్టు 28: ముగ్గురు విద్యార్థుల చేతిరాతతో మన ఆటకు నియమాలు ఏర్పడిన రోజు." ఈ వాక్యానికి కాగితం ఉంది.

దీని తర్వాత 1871 నియమాలు చదవండి. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడినప్పుడు బంతితో ఉరకడం, హ్యాకింగ్ రెండూ తీసేస్తున్నారని బ్లాక్‌హీత్ క్లబ్ బయటికొచ్చింది. 1871 జనవరి 26న లండన్‌లోని పాల్‌మాల్ రెస్టారెంట్‌లో 21 క్లబ్బులు కూర్చుని రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నాయి. ఆ ఏడాదే వచ్చిన 59 నియమాల్లో హ్యాకింగ్ నిషేధం! దేనికోసమైతే వేరుపడ్డారో దాన్నే ఎనిమిదేళ్లలో వదులుకున్నారు. రెండు కాగితాలూ పక్కన పెట్టుకుని ఏది పోయింది, ఏది మిగిలింది అని గీతలు గీయడం నా లెక్కలో ఈ పనిలోకెల్లా రుచికరమైన భాగం.

నాలుగో మెట్టు: ఆనాటి మాటలతో వెతకండి

కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు పాత పేపర్లలో ‘రగ్బీ’ అని వెతకడం. అప్పటి విలేకరి ‘ఫుట్‌బాల్’ అనే రాస్తాడు. ఏ లెక్కన ఆడారో చెప్పాలనిపిస్తేనే ‘రగ్బీ రూల్స్’ అని చేరుస్తాడు. రగ్బీ అని వెతికితే ఆ పేరుగల ఇంగ్లండ్ ఊరి సంతలు, గుర్రపు పందేలు, రైల్వే స్టేషన్ వార్తలే ముందు వస్తాయి. ‘ఫుట్‌బాల్’తో పాటు స్క్రిమేజ్, స్క్రమేజ్, మాల్, టచ్ డౌన్, రన్ ఇన్, హ్యాకింగ్, డ్రాప్డ్ గోల్, ట్రైస్ అన్న మాటల్లో ఏదో ఒకటి జోడించండి, ఇంగ్లీషు అక్షరాల్లో. అక్షరాలను కంప్యూటరే చదివి పెట్టింది కాబట్టి మాసిన చోట తప్పులుంటాయి. ఒక మాటతో దొరక్కపోతే ఇంకో మాట, అదీ కాకపోతే మైదానం పేరు, కెప్టెన్ ఇంటి పేరు.

స్కోరు చదివేటప్పుడు మన పాయింట్ల లెక్క పక్కన పెట్టాలి. మొదట్లో ‘ట్రై’కి విలువే లేదు. బంతిని గీత దాటించి నేలకు తాకిస్తే గోల్ కొట్టడానికి ‘ప్రయత్నించే’ హక్కు వచ్చేది, ఆ పేరే మిగిలిపోయింది. 1871 మార్చి 27న ఎడిన్‌బరోలోని రేబర్న్ ప్లేస్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ మధ్య తొలి అంతర్జాతీయ మ్యాచ్ జరిగింది, జట్టుకు 20 మంది. స్కాట్లండ్‌కు ఒక గోల్, ఒక ట్రై. ఇంగ్లండ్‌కు ఒక ట్రై. స్కాట్లండ్‌ను గెలిపించింది ఆ ఒక్క గోలే. దీన్ని ఇవాళ్టి పాయింట్లలోకి మార్చి రాసిన స్కోరు ఎక్కడ కనిపించినా నమ్మకండి. అంతర్జాతీయ మ్యాచ్‌లలో ట్రైకి నాలుగు పాయింట్లు 1971లో, అయిదు 1992లో వచ్చాయి. జట్టుకు 15 మంది అన్నది 1877 నుంచి. వార్తలో మనుషుల సంఖ్య చూసి కూడా అది ఏ కాలం వార్తో కొంత పసిగట్టవచ్చు.

అయిదో మెట్టు: డబ్బు కట్టకుండా చదవగలిగే పేపర్లు

న్యూజిలాండ్ నేషనల్ లైబ్రరీ వారి ‘పేపర్స్ పాస్ట్’, ఆస్ట్రేలియా వారి ‘ట్రోవ్’, వేల్స్ నేషనల్ లైబ్రరీ వారి పాత పేపర్ల సైట్: మూడూ ఉచితం. మొదట వీటి మీదే చేయి తిప్పుకోండి. ‘బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్’కు చందా కట్టాలి, కానీ వెతకడం ఉచితం, దొరికిన వార్తలో రెండు మూడు వరుసలు ఊరికే చూపిస్తుంది. నేను ఏడాదంతా ప్రశ్నలు పోగేసి, ఒక్క నెలకే చందా కట్టి, ఆ నెలంతా కూర్చుంటాను. ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’లో పాత పుస్తకాలు దొరుకుతాయి.

మొదటి అభ్యాసం ఇది. న్యూజిలాండ్‌లో తొలి రగ్బీ మ్యాచ్ 1870 మే 14న నెల్సన్ ఊళ్లో జరిగింది, నెల్సన్ కాలేజీకీ నెల్సన్ క్లబ్బుకూ. ఇంగ్లండ్‌లో చదివొచ్చిన చార్లెస్ మన్రో ఆ ఆట తెచ్చాడు. పేపర్స్ పాస్ట్‌లో ‘నెల్సన్ ఎగ్జామినర్’, ‘కొలనిస్ట్’ పేపర్ల 1870 మే నెల తెరిచి, ఆ వారం పేజీలు ఒక్కొక్కటీ తిప్పండి. వెతుకు పెట్టెలో మాట కొట్టకుండా కళ్లతో చూడండి. పక్కన గొర్రెల ధరలు, ఓడల రాకపోకలు, ఎన్నికల తగాదాలు, వాటి నడుమ ఆట. ఆ ఊరు ఎలాంటిదో, ఆట ఆ ఊరికి ఎంత చిన్న సంగతో తెలుస్తుంది.

తారీఖుల దగ్గర జాగ్రత్త. నేను ఒకసారి పేపర్ తేదీనే మ్యాచ్ తేదీగా రాసేసి, దాని మీద ఇంకో రెండు నిర్ణయాలు చేసి, నెల తర్వాత అన్నీ కొట్టేయాల్సి వచ్చింది. ‘సాటర్డే లాస్ట్’ అంటే పోయిన శనివారం. పేపర్ అచ్చయిన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. అంకె పక్కన ‘ఇన్‌స్ట్’ అని పొట్టిగా ఉంటే ఈ నెల, ‘అల్ట్’ అని ఉంటే పోయిన నెల. ఇండియా వార్త లండన్ పేపర్లో వచ్చిందంటే ఓడ ప్రయాణం వారాలు కలుపుకోవాలి. ఏ వారమో తేల్చుకోవడానికి ఫోన్‌లో 1870ల క్యాలెండర్ తెరిచి పెట్టుకోండి.

ఆరో మెట్టు: కలకత్తా కప్పు, 270 తులాలు

మన దేశం పేరు ప్రపంచ రగ్బీలో ఇవాళ్టికీ వినబడేది ఒక వెండి కప్పు వల్ల. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లండ్ వాళ్లు ఒకవైపు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు కలిసి ఒకవైపు ఆడారు. ఆట బాగా కుదరడంతో వారంలో మళ్లీ ఆడారు. 1873 జనవరిలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ ఏర్పడి, 1874లో లండన్ యూనియన్‌లో చేరింది. కానీ ఎండ, తేమ ఈ ఆటకు పడలేదు, ఆడే పటాలం బదిలీ అయింది, పోలో, టెన్నిస్ మనుషులను లాక్కున్నాయి, క్లబ్బులో ఉచిత మందు ఆగిపోయాక సభ్యులూ తగ్గారు. 1877 చివర, కెప్టెన్, కార్యదర్శి, కోశాధికారి మూడూ తానే అయిన జి. ఎ. జేమ్స్ రోత్నీ, మిగిలిన డబ్బుతో కప్పు చేయించి యూనియన్‌కు ఇస్తామని రాశాడు. బ్యాంకు నుంచి 270 వెండి రూపాయలు తీసి, కరిగించి, కప్పు చేయించారు. పట్టుకునే పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. 1879 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్ దాని కోసం ఆడుతున్నాయి. తొలి మ్యాచ్ డ్రా.

ఇలాంటి అంకె దొరికినప్పుడు దాన్ని చేతిలో పట్టుకునే వస్తువుగా మార్చి చూడండి. ఆనాటి వెండి రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, 11.66 గ్రాములు. పన్నెండు వంతుల్లో పదకొండు వంతులు వెండి. కాబట్టి 270 రూపాయలంటే 270 తులాలు, మూడు కిలోల నూటయాభై గ్రాముల దాకా. అందులో అసలు వెండి రెండు కిలోల ఎనిమిది వందల ఎనభై చిల్లర. ఈ లెక్క కట్టిన మరునాడు కూరగాయల దుకాణంలో మూడు కిలోల ఉల్లిగడ్డ సంచి ఎత్తి పట్టుకున్నాను. ఒక క్లబ్బు మిగిల్చిన ఆస్తి బరువు చేతికి తెలిసింది. కరీంనగర్ వెండి తీగ పని చూసినవాళ్లకు పాము పొలుసు చెక్కిన చేతుల కష్టం వేరే చెప్పనక్కర్లేదు. ఆ కమసాలి పేరు ఏ కథా చెప్పదు, అది నన్ను బాధపెడుతుంది.

ఇక్కడ ఒక గుంత ఉంది, పడకండి. కలకత్తాలో ఆట 1880ల్లో మళ్లీ మొదలైంది. 1890లో అక్కడి క్లబ్బుల మధ్య పెట్టిన ఇంకో కప్పుకూ కలకత్తా కప్పు అనే పేరే పడింది. ఇండియా పేపర్లో ‘కలకత్తా కప్పు గెలిచారు’ అని చదివితే అది ఏ కప్పో ముందు తేల్చండి.

ఏడో మెట్టు: నోట్‌బుక్

ఒక సంగతికి ఒక పేజీ. పైన వాదన ఒక్క వాక్యంలో. దాని కింద ఎవరు, ఎప్పుడు, అక్కడున్నారా. తర్వాత నేను ఎక్కడ చూశాను: పేపర్ పేరు, తేదీ, పేజీ, కాలమ్, నేను చూసిన రోజు. తెర ఫొటో తీసి, ఫైల్ పేరులో ముందు సంవత్సరం, నెల, రోజు పెట్టండి, వరుస దానంతట అదే కుదురుతుంది. అడుగున పెన్సిల్‌తో నా తీర్పు, ఎందుకంటే తీర్పు మారుతుంది.

ఒకే సంగతికి రెండు మూడు రూపాలు దొరికితే అన్నీ రాయండి. 1871 జనవరి సమావేశానికి వాస్ప్స్ క్లబ్ రాలేదు. రోజు మరిచారని ఒకరు, తప్పు చోటికి పోయి అక్కడే మందు తాగుతూ కూర్చున్నారని ఒకరు చెబుతారు. వినడానికి రెండోది బాగుంటుంది, అందుకే దాన్ని ఎక్కువ అనుమానించాలి. రాలేదన్నది గట్టి సంగతి. ఎందుకన్నది కథ. నా పేజీలో ఈ రెంటి మధ్య అడ్డగీత ఉంది.

ఎనిమిదో మెట్టు: సికింద్రాబాద్ తొవ్వ

మనకు దగ్గర్లో తవ్వని నేల ఇదే. సికింద్రాబాద్, తిరుమలగిరి కంటోన్మెంట్లలో దశాబ్దాల పాటు బ్రిటిష్ పటాలాలు ఉన్నాయి, వాళ్లతో పాటు వాళ్ల ఆటలూ వచ్చాయి. ‘రగ్బీ, సికింద్రాబాద్’ అని నేరుగా వెతకడం దండగ. ముందు ఏ ఏడు ఏ పటాలం అక్కడుందో పట్టిక వేయండి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైట్‌లో బ్రిటిష్ సైన్యపు జాబితాలు ఉచితంగా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి. ఆ తర్వాత ‘మద్రాస్ వీక్లీ మెయిల్’, ‘హోమ్‌వర్డ్ మెయిల్’, ‘ఇంగ్లిష్‌మన్స్ ఓవర్‌ల్యాండ్ మెయిల్’ పేపర్లలో పటాలం పేరుకు ఫుట్‌బాల్ జోడించి వెతకండి. ఆ మూడూ చందా సైట్‌లో ఉన్నాయి, నెల చందా ఇందుకోసమే దాచుకోండి. ఇంగ్లండ్‌లో అదే పటాలం రగ్బీ ఆడేదా, అసోసియేషన్ (ఇవాళ మనం ఫుట్‌బాల్ అనేది) ఆడేదా అన్నది కూడా చూసుకోండి, అప్పుడు ‘ఫుట్‌బాల్’ అన్న ఒక్క మాటకు అర్థం తేలుతుంది.

నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’లో పేరు నమోదు చేసుకుంటే హైదరాబాద్ రెసిడెన్సీ దస్త్రాల పట్టిక ఇంటి నుంచే చూడవచ్చు. నిజాం సర్కారు దస్త్రాలకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలి. ఆ కాగితాలు ఫారసీ, ఉర్దూల్లో ఉంటాయి, కాబట్టి ఉర్దూ చదివే పెద్దమనిషి ఒకరిని ముందే బతిమాలుకోండి. మండిబజార్ వైపు అడిగితే ప్రేమగా వచ్చేవాళ్లు దొరుకుతారు. సంవత్సరం ఫస్లీలో (నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క) ఉంటే 590 కలపండి. ఫస్లీ 1290 అంటే ఇంచుమించు 1880-81. రూపాయలు కనిపిస్తే హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) చూడండి. ఏడు హాలీ రూపాయలు సుమారు ఆరు కల్దారు రూపాయలకు సమానం. కలకత్తా క్లబ్బు ఖర్చుతో సికింద్రాబాద్ ఖర్చును పోల్చాలనుకుంటే ఈ తేడా తప్పక తీయాలి.

పోయే రోజు గుర్తింపు కార్డు, రెండు ఫొటోలు, ఏ అంశం, ఏ ఏళ్లు, ఏ శాఖ అని స్పష్టంగా రాసిన ఉత్తరం పట్టుకోండి. ‘రగ్బీ చరిత్ర కావాలి’ అంటే అక్కడివాళ్లు మీకు ఏమీ ఇవ్వలేరు. ‘ఫస్లీ 1290 నుంచి 1300 వరకు కంటోన్మెంట్ మైదానాల కౌలు, అనుమతుల దస్త్రాలు’ అంటే ఇవ్వగలరు. ఆట పేరు దస్త్రం మీద ఉండదు. మైదానం, కంచె, నీళ్లు, రుసుం పేరు మీద ఉంటుంది. పెన్సిల్ పట్టుకోండి, పెన్ను వద్దు. పొద్దున కాజీపేటలో రైలెక్కితే మధ్యాహ్నం లోపు రెండు మూడు కట్టలు చూడవచ్చు. చూసిన ప్రతి దస్త్రం నంబరూ రాయండి, అందులో ఏమీ దొరకనిదైనా సరే, లేకపోతే మళ్లీ వచ్చి అదే అడుగుతారు. తిరుగు రైలులో భువనగిరి దాటేలోపు ఆ నంబర్లన్నీ శుభ్రంగా తిరగరాసుకుంటే, కాజీపేటలో దిగేసరికి తర్వాతిసారి అడగాల్సిన జాబితా చేతిలో ఉంటుంది.